కింద గడ్డ తగిలిందా? నొప్పి ఉందా లేదా అని కాదు, ఇలా చూసుకోండి

స్నానం చేసేటప్పుడు యోని చుట్టుపక్కల చేతికి ఏదో చిన్న గడ్డలా తగులుతుంది, నిన్నటిదాకా లేదు కదా అనిపిస్తుంది, ఇంక ఆ రోజంతా మనసు అక్కడే ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరికీ చెప్పలేరు. గైనిక్ ఓపీలో నర్సుగా ఇన్నేళ్ళు చేశాక నేను చూసింది ఏంటంటే, ఈ గడ్డలతో వచ్చేవాళ్ళు రెండు రకాలు. కొంతమంది అసలు రోగమే కానిదానికి నెలల తరబడి నిద్ర పట్టక, గూగుల్ చేసి చేసి ఏడ్చి వస్తారు. ఇంకొంతమంది నిజంగా చూపించుకోవాల్సినదాన్ని "నొప్పేం లేదు కదా సిస్టర్, అదే పోతుందిలే అనుకున్నా" అని ఏడాది పాటు ఊరుకుని వస్తారు. ఈ రెండో రకం వాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఎందుకంటే మనవాళ్ళందరికీ నొప్పే లెక్క. నొప్పి ఉంటే పెద్ద జబ్బు, లేకపోతే ఏం కాదు అని. ఈ చోట మాత్రం అది చాలాసార్లు తప్పుతుంది. షేవింగ్ తర్వాత లోపలికి తిరిగిన ఒక్క వెంట్రుక కూర్చోనివ్వనంత నొప్పి పెట్టి వారం పది రోజుల్లో తనే తగ్గిపోవచ్చు. అదే సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు అస్సలు నొప్పి లేకుండా వచ్చి పోతుంది. క్యాన్సర్ గడ్డ కూడా మొదట్లో చాలామందిలో నొప్పి పెట్టదు. అందుకే నొప్పి ఒక్కటే కాకుండా ఇంకా ఏమేం చూసుకోవాలో ఒక్కో మెట్టుగా రాస్తున్నా. మీకు మీరే రోగం పేరు పెట్టేసుకోవడానికి కాదు ఇది, ఏది ఇంట్లో ఆగి చూడొచ్చు, ఏది ఈ వారమే చూపించాలి, ఏది ఈ రాత్రికే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి అని తేల్చుకోవడానికి.

మొదటి మెట్టు: అద్దం పెట్టుకుని చూడండి

ముప్పై నలభై ఏళ్ళొచ్చినా తన శరీరంలో ఆ భాగాన్ని ఒక్కసారి కూడా చూసుకోని ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇందులో సిగ్గుపడాల్సింది ఏం లేదు, మనకెవరూ చెప్పలేదు అంతే. తలుపు గడియ పెట్టుకుని, చేతులు కడుక్కుని, మంచి వెలుతురులో ఒక చిన్న అద్దం కింద పెట్టుకుని గొంతుక్కూర్చోండి, లేదా మంచం మీద వీపుకి దిండు పెట్టుకుని మోకాళ్ళు మడిచి చూడండి. అప్పుడే షేవ్ చేసుకున్న రోజు వద్దు, ఎర్రగా కందిపోయి అన్నీ గడ్డల్లాగే కనిపిస్తాయి.

పైన వెంట్రుకలుండే ఎత్తు భాగం, దాని కింద రెండు పక్కలా మందంగా ఉండే బయటి పెదాలు, వాటి లోపల పల్చగా ఉండే లోపలి పెదాలు, వాటి మధ్యలో మూత్రం వచ్చే చిన్న రంధ్రం, దాని కింద యోని ద్వారం. లోపలి పెదాలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఉండటం, బయటికి వేలాడటం, అంచులు నల్లగా ముడతలు ముడతలుగా ఉండటం, ఇవన్నీ మామూలే. మన చర్మం రంగు కన్నా అక్కడ ముదురుగా ఉండటం కూడా మామూలే, అది మురికి కాదు, రుద్దితే పోదు.

నెలకోసారి పీరియడ్స్ అయిపోయాక ఒక్క నిమిషం ఇలా చూసుకుంటే చాలు. మీకు మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా కొత్తగా వచ్చింది ఏదో తెలిసేది. గడ్డ మారుతుందో లేదో చూడ్డానికి ఫొటో తీసుకోవచ్చు గానీ ఫోన్‌లో ఫొటోలు ఆటోమేటిక్‌గా బ్యాకప్ అవుతుంటాయి, ఇంట్లో అందరి ఫోన్లకీ ఒకే అకౌంట్ ఉంటే అక్కడా కనిపిస్తాయి, అది ముందు ఆపేసుకోండి. కాగితం మీద బొమ్మ గీసి తేదీ వేసుకున్నా సరిపోతుంది.

రెండో మెట్టు: అది వెంట్రుకలు ఉండే చోటా, లేని చోటా?

ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది, అయినా దీని గురించి ఎవరూ చెప్పరు. వెంట్రుకల కుదుళ్ళు పైభాగంలో, బయటి పెదాల మీద, గజ్జల్లో ఉంటాయి. లోపలి పెదాల మీద ఉండవు. కాబట్టి వెంట్రుకలు ఉండే చోట ఎర్రగా, మధ్యలో చీము తలతో, కొన్నిసార్లు మధ్యలో వెంట్రుక కూడా కనిపిస్తూ ఒక పొక్కు లేచిందంటే అది ఎక్కువగా కుదురు వాపే. అదే లోపలి పెదాల మీద, యోని ద్వారం దగ్గర వచ్చిందంటే "షేవింగ్ వల్ల వచ్చిందిలే" అని సరిపెట్టుకోకండి, అక్కడ వెంట్రుకే లేదు, కారణం వేరే వెతకాలి.

దాంతో పాటు ఈ విషయాలు ఒక చీటీ మీద రాసుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇవే అడుగుతారు. ఎప్పటి నుంచి ఉంది, ఒక్కటేనా చాలా ఉన్నాయా, రెండు పక్కలా ఒకేలా ఉన్నాయా, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, వేలితో మెల్లగా కదిపితే చర్మం కింద జరుగుతుందా లేక అతుక్కుని ఉందా, నీళ్ళు గానీ చీము గానీ రక్తం గానీ వస్తోందా, దురద ఉందా, మంట ఉందా, గజ్జల్లో బిళ్ళ కట్టిందా, జ్వరం ఉందా, ఇంతకుముందు ఇదే చోట వచ్చిందా. ఈ మధ్య కొత్త ప్యాడ్, కొత్త సబ్బు, హెయిర్ రిమూవల్ క్రీమ్ ఏమైనా వాడారా. షుగర్ ఉందా, కడుపుతో ఉన్నారా. గజ్జల్లో తామర ఉందని మెడికల్ షాపులో ఏదైనా ట్యూబ్ కొని రాశారా, ఇది మాత్రం అస్సలు మర్చిపోకండి, ఎందుకో కింద చెప్తా.

మూడో మెట్టు: రోగమే కానివి ముందు తెలుసుకోండి

లోపలి పెదాల మీద, లేదా బయటి పెదాల లోపలి వైపు గుండుసూది తలంత పసుపు తెలుపు చుక్కలు, చర్మాన్ని కాస్త లాగితే ఇంకా బాగా కనిపిస్తాయి, నొప్పి లేదు, దురద లేదు. వీటిని ఫోర్డైస్ చుక్కలు అంటారు. మన చర్మంలో ఉండే నూనె గ్రంథులే అవి, వెంట్రుక లేకుండా ఉన్నాయి కాబట్టి పైకి కనిపిస్తాయి. చాలామందికి నోటి పెదాల అంచున, బుగ్గ లోపల కూడా ఇవే ఉంటాయి, ఒకసారి అద్దంలో చూసుకోండి. ఎవరి నుంచీ అంటవు, ఎవరికీ అంటించవు, గిల్లాల్సిన పని లేదు, మందు అక్కర్లేదు.

ఇంకోటి ఉంది, దీని వల్లే పాపం చాలామంది అమ్మాయిలు పిచ్చి భయంతో వస్తారు. యోని ద్వారం చుట్టూ, లోపలి పెదాల లోపలి వైపు సన్నగా వేళ్ళలాగా, గులాబీ రంగులో, మెత్తగా చిన్న చిన్న మొలకలు వరసగా ఉంటాయి. ఫొటోలు చూసి పులిపిర్లు అనుకుంటారు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా తొందరపడి అలాగే అనుకుని కాల్చేస్తారు. దీని పేరు వెస్టిబ్యులార్ పాపిల్లోమటోసిస్, పేరు వింటే రోగంలా ఉంది గానీ ఇది కొంతమంది శరీరం తీరు, అంతే. తేడా ఎలా తెలుస్తుందంటే, ఇవి రెండు పక్కలా ఒకేలా ఉంటాయి, చుట్టూ ఉన్న చర్మం రంగులోనే ఉంటాయి, ఒక్కో మొలక మొదలు విడివిడిగా ఉంటుంది, నెలలు గడిచినా పెరగవు. పులిపిర్లు అయితే ఒక క్రమం లేకుండా ఎక్కడ పడితే అక్కడ లేస్తాయి, గట్టిగా ఉంటాయి, చాలా మొలకలు ఒకే మొదలు నుంచి వస్తాయి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతాయి. పులిపిర్లు అని చెప్పి కాల్చేద్దాం అంటే, "మేడమ్, ఇది కచ్చితంగా వార్ట్స్ అని ఎలా చెప్పారు, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలా" అని అడగండి. అడగడం తప్పు కాదు.

బయటి పెదాల మీద బఠాణీ గింజంత గుండ్రటి గడ్డ, వేలితో కదిపితే చర్మం కింద జరుగుతుంది, ఏళ్ళుగా అలాగే ఉంది, అంటే చాలావరకు సిస్ట్. మనవాళ్ళు కొవ్వు గడ్డ అంటారు గానీ లోపల ఉండేది కొవ్వు కాదు, చర్మం రాల్చే తెల్లటి పదార్థం. దాని జోలికి వెళ్ళకపోతే అది మీ జోలికి రాదు. పిండితే మాత్రం లోపల పగిలి, ఎర్రబడి, చీము పట్టి అప్పుడు నిజంగానే కోయాల్సి వస్తుంది.

వయసు మీద పడ్డాక కొందరికి బయటి పెదాల మీద ముదురు ఎరుపు, ఊదా, నలుపు రంగుల్లో చిన్న చుక్కలు లేస్తాయి, అవి ఉబ్బిన రక్తనాళాలు, యాంజియోకెరటోమా అంటారు, గోకితే రక్తం రావొచ్చు తప్ప ప్రమాదం లేదు. అయితే నల్లగా ఉన్నది ఏదైనా ఒక్కసారి డాక్టర్ కంట్లో పడాలి, ఎందుకంటే చాలా అరుదుగా అక్కడ కూడా మెలనోమా అనే పుట్టుమచ్చ క్యాన్సర్ వస్తుంది, ఇంట్లో చూసి తేడా పట్టలేం. కడుపుతో ఉన్నప్పుడు పెదాలు ఒకపక్క ఉబ్బి నీలంగా మెలికలు తిరిగిన నరాలు కనిపిస్తే అవి వేరికోస్ వెయిన్స్, కాళ్ళ మీద వచ్చినట్టే, నిలబడితే బరువుగా ఉంటుంది పడుకుంటే తగ్గుతుంది, ఎక్కువమందికి కాన్పు అయిన కొన్ని వారాలకి పోతాయి. గజ్జల్లో వేలాడే చిన్న తోకలాంటి చర్మం కూడా ఏం చేయదు.

నాలుగో మెట్టు: సెగ్గడ్డ, వెంట్రుక గడ్డ అయితే ఇంట్లో ఏం చేయాలి

మామిడిపళ్ళు ఎక్కువ తిన్నావు, వేడి చేసింది, అందుకే సెగ్గడ్డ లేచింది అని ఇంట్లో అంటారు. నిజంగా జరిగేది ఏంటంటే, ఎండాకాలం చెమట, బిగుతు లెగ్గింగ్, ఒరుసుకునే తొడలు, పాత బ్లేడు, వీటి వల్ల కుదురు దగ్గర చర్మం చిట్లుతుంది, మన చర్మం మీదే ఉండే స్టాఫ్ బ్యాక్టీరియా అందులో దూరుతుంది. కాబట్టి మామిడిపండుని వదిలేయండి, బ్లేడు సంగతి చూడండి.

ముందు షేవింగ్, వాక్సింగ్, క్రీమ్ అన్నీ ఆపేయండి, గడ్డ పూర్తిగా తగ్గేదాకా. శుభ్రమైన గుడ్డని చేతికి ఓర్చుకునేంత వేడి నీళ్ళలో ముంచి, పిండి, గడ్డ మీద 10 నుంచి 15 నిమిషాలు పెట్టుకోండి, రోజుకి మూడు నాలుగు సార్లు. పొగలు కక్కే నీళ్ళు వద్దండి, ఆ చర్మం చాలా పల్చన, కాలి బొబ్బలెక్కి వచ్చినవాళ్ళని చూశాను. వదులైన కాటన్ లోదుస్తులు, రాత్రిపూట అవి కూడా లేకుండా పడుకుంటే ఇంకా మంచిది. నొప్పికి మీకు పడితే పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఆ గుడ్డ, టవల్ ఎవరికీ ఇవ్వకండి, వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. తనంతట తాను పగిలితే తుడిచి, గాజ్ గుడ్డ పెట్టుకుని చేతులు కడుక్కోండి.

పిండకండి, సూదితో పొడవకండి, పిన్నుతో వెంట్రుక లాగకండి. సున్నం బెల్లం కలిపి పట్టీ వేయడం కాలి మీద గడ్డకి మీ అమ్మమ్మ చేసి ఉండొచ్చు, ఇక్కడ మాత్రం సున్నం చర్మాన్ని తినేస్తుంది. డెట్టాల్ నీళ్ళతో కడగడం కూడా వద్దు.

రెండు మూడు రోజుల్లో మెత్తబడటం మొదలవ్వాలి, వారం పది రోజుల్లో పోవాలి. అలా కాకుండా రోజురోజుకీ పెరుగుతుంటే, చుట్టూ ఎరుపు పాకుతుంటే, జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, చీము ఉంటే కోసి తీయాల్సి రావొచ్చు. మాటిమాటికీ సెగ్గడ్డలు వస్తుంటే షుగర్ టెస్ట్ చేయించుకోండి, తనకి షుగర్ ఉందని కొంతమందికి ఈ గడ్డల వల్లే మొదటిసారి తెలుస్తుంది.

మళ్ళీ రాకుండా ఉండాలంటే నున్నగా గీయకుండా కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు. శుభ్రత కోసం వెంట్రుకలు తీయాల్సిన అవసరం అసలు లేదు. తీయాలనే ఉంటే స్నానం అయ్యాక మెత్తబడ్డప్పుడు, కొత్త బ్లేడుతో, వెంట్రుక పెరిగే వైపుకే గీయండి.

ఇక్కడ ఇంకో జబ్బు సెగ్గడ్డల వేషంలో తిరుగుతుంది. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద ఏళ్ళ తరబడి గడ్డలు వస్తూ, పగులుతూ, మచ్చలు పడుతూ, చర్మం కింద సొరంగాల్లాగా ఒకదానికొకటి కలిసిపోతుంటే అది హైడ్రాడినైటిస్ సుపరేటివా. మురికి వల్ల వచ్చేది కాదు, అంటుకునేది కాదు. ఒక్కో గడ్డకి ఒక్కో ఆర్‌ఎంపీ దగ్గర ఐదు రోజుల యాంటీబయాటిక్ వేసుకుంటూ పదేళ్ళు గడిపేస్తారు, పాపం, ఎవరూ చంక ఎత్తి చూపించమనరు కాబట్టి. చంకల్లో కూడా వస్తున్నాయని మీరే చెప్పండి, చర్మ వైద్యులు దీనికి వేరే మందులు ఇస్తారు.

ఐదో మెట్టు: ద్వారం పక్కన ఒకవైపే ఉబ్బితే

యోని ద్వారానికి రెండు వైపులా కింది భాగంలో, గడియారం ముఖం అనుకుంటే 4, 8 అంకెల దగ్గర, బార్తోలిన్ గ్రంథులు ఉంటాయి, తడి ఇవ్వడం వాటి పని. దాని గొట్టం మూసుకుపోతే లోపల ఊరింది బయటికి రాలేక ఒకవైపు ఉబ్బుతుంది. బఠాణీ అంత ఉండి నొప్పి లేకపోతే గోరువెచ్చని నీళ్ళ టబ్‌లో రోజుకి మూడు నాలుగు సార్లు 10, 15 నిమిషాలు కూర్చుంటే కొంతమందికి తగ్గిపోతుంది. చీము పట్టిందంటే మాత్రం రెండు మూడు రోజుల్లో నిమ్మకాయంత అయి, నడవలేరు, కూర్చోలేరు, కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తూ వస్తారు. దానికి మాత్రలతో కాలక్షేపం చేయకుండా వెళ్ళిపోండి, మత్తు ఇచ్చి చీము తీస్తారు, తీసిన క్షణం నుంచే ప్రాణం లేచొస్తుంది. మళ్ళీ మూసుకుపోకుండా చిన్న గొట్టం కొన్ని వారాలు ఉంచుతారు, లేదా దారి తెరిచి కుట్లు వేస్తారు. ఊరికే గాటు పెట్టి పంపేస్తే మళ్ళీ రావడం ఎక్కువ, కాబట్టి ఏం చేస్తున్నారో అడగండి. 40 దాటాక మొదటిసారి ఈ చోట గడ్డ వస్తే ముక్క పరీక్ష గురించి తప్పకుండా అడగాలి, ఆ వయసులో అరుదుగా అక్కడ క్యాన్సర్ కూడా సిస్ట్ లాగే మొదలవుతుంది.

ఆరో మెట్టు: అంటుకునేవి, వీటి దగ్గర కోపాలు పక్కన పెట్టాలి

పులిపిర్లు. చర్మం రంగులోనో కాస్త ముదురుగానో, గరుగ్గా, గోబీ పువ్వు ముక్కలా. ఇవి హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తాయి, పదిలో తొమ్మిది వంతులు 6, 11 రకాల వల్ల. క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు వేరు, కాబట్టి పులిపిరి వచ్చింది అంటే క్యాన్సర్ వచ్చేస్తుంది అని కాదు, కానీ అన్ని రకాలూ కలిసి కూడా ఉండొచ్చు కాబట్టి గర్భసంచి ముఖద్వారం పరీక్ష వయసును బట్టి చేయించుకోవాలి. వైరస్ సోకాక పులిపిరి లేవడానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, ఏళ్ళు కూడా పట్టొచ్చు. అందుకే ఇప్పుడు లేచింది కాబట్టి ఇప్పుడే ఎవరో మోసం చేశారు అని లెక్క కట్టలేం. ఈ మాట నేను ఓపీలో ఎన్ని కాపురాలకి చెప్పానో, పెళ్ళికి ముందు ఎప్పుడో సోకింది ఇద్దరిలో ఎవరికైనా ఇప్పుడు బయటపడొచ్చు. రాసే క్రీమ్‌లున్నాయి, అతి చల్లదనంతో పులిపిరిని గడ్డకట్టించి రాల్చడం, కాల్చడం ఉన్నాయి, మొదటి కొన్ని నెలల్లో మళ్ళీ రావడం మామూలే. కడుపుతో ఉంటే ముందే చెప్పండి, పోడోఫిలిన్ లాంటి మందులు అప్పుడు వాడకూడదు. జిల్లేడు పాలు పెట్టడం, వెంట్రుకతో కట్టడం, చేతి పులిపిర్లకి అమ్మే యాసిడ్ మందు పెట్టడం, ఈ మూడూ అక్కడ చేస్తే పుండు పడి పులిపిరి కన్నా పెద్ద బాధ అవుతుంది.

మన దేశంలో తయారైన సెర్వావ్యాక్ అనే హెచ్‌పీవీ టీకా 2023లో వచ్చింది, 6, 11, 16, 18 నాలుగింటికీ పనిచేస్తుంది. ఉన్న పులిపిరిని తగ్గించదు గానీ పిల్లలకి 9 ఏళ్ళ నుంచి వేయించొచ్చు. ఇంట్లో ఆడపిల్ల ఉంటే దయచేసి డాక్టర్‌ని అడగండి.

ముత్యాల్లాగా నున్నగా మెరుస్తూ, మధ్యలో చిన్న గుంట ఉండే పొక్కులు మొలస్కం. పిల్లలకి ఒంటి మీద ఎక్కడైనా వస్తాయి, పెద్దవాళ్ళకి ఈ భాగంలో వస్తే ఎక్కువగా కలయిక వల్లే. చాలామందికి 6 నుంచి 12 నెలల్లో అవే పోతాయి, గీస్తే, షేవ్ చేస్తే మాత్రం గీత గీసినట్టు పాకుతాయి.

హెర్పిస్ అయితే ముందు అక్కడ జిలజిలగా, మంటగా అనిపించి, తర్వాత నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి, చిన్న చిన్న పుళ్ళు పడతాయి. మూత్రం తగిలితే ప్రాణం పోతుంది. మొదటిసారి జ్వరం, ఒళ్ళునొప్పులు, గజ్జల్లో బిళ్ళలు కూడా ఉంటాయి. మొదటి రెండు మూడు రోజుల్లో వెళ్తే మందు బాగా పనిచేస్తుంది, పుండు మీద నుంచి పరీక్ష కూడా అప్పుడే కచ్చితంగా తేలుతుంది. ఈలోపు మూత్రం పోసేటప్పుడు పైనుంచి నీళ్ళు పోసుకుంటూ ఉంటే మంట తగ్గుతుంది, మంటకి భయపడి నీళ్ళు తాగడం మానేయకండి. గర్భిణులు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఇలాంటి పొక్కులు వస్తే ఆ రోజే చెప్పాలి, బిడ్డకి ప్రమాదం కాబట్టి కాన్పు ఎలా చేయాలో దాన్ని బట్టి నిర్ణయిస్తారు.

ఇక అసలు నొప్పి లేని దొంగ సిఫిలిస్, పెద్దవాళ్ళు సవాయి అనేవాళ్ళు. సోకిన 10 నుంచి 90 రోజుల్లో, ఎక్కువగా మూడు వారాలకి, గట్టి అంచుతో ఒక శుభ్రమైన పుండు పడుతుంది, నొప్పి ఉండదు, మూడు నుంచి ఆరు వారాల్లో ఏ మందూ లేకుండానే మానిపోతుంది. మానింది అనుకుంటాం, రోగం లోపల రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, తర్వాత ఒళ్ళంతా, అరచేతుల్లో మచ్చలు, అక్కడ తడిగా బల్లపరుపు గడ్డలు, ఏళ్ళ తర్వాత గుండె, మెదడు దెబ్బతినడం. వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే మామూలు రక్తపరీక్షతో తెలుస్తుంది, తొలి దశలో అయితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది. గర్భిణులకి ఈ పరీక్ష రాసేది బిడ్డని కాపాడటానికే, వద్దనకండి. నొప్పి లేని ఏ పుండైనా, మానిపోయినా సరే, పరీక్ష చేయించుకోండి, ఇద్దరూ.

రాత్రిళ్ళు విపరీతమైన దురద, వేళ్ళ సందుల్లో కూడా పొక్కులు, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందంటే గజ్జి, అందరికీ ఒకేసారి మందు రాయాలి.

తల్లులకి ఒక మాట. పదమూడు పద్నాలుగేళ్ళ అమ్మాయికి వైరల్ జ్వరం వచ్చి తగ్గుతుండగా అక్కడ హఠాత్తుగా నొప్పి పుళ్ళు పడితే, ముందే పిల్లని నిలదీయకండి. కలయికతో ఏ సంబంధం లేకుండా, నోట్లో పూతలాగే అక్కడ కూడా పుళ్ళు పడే స్థితి ఒకటుంది, రెండు మూడు వారాల్లో మానుతుంది. పిల్లని ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడనివ్వండి, ఏదైనా జరగకూడనిది జరిగి ఉన్నా తను నోరు విప్పేది అప్పుడే.

ఏడో మెట్టు: వారాలు గడిచినా పోనివి

తెల్లగా, కాగితంలా పల్చగా మారిన చర్మం, ఆగని దురద, లోపలి పెదాలు క్రమంగా అరిగిపోయి కనపడకుండా పోవడం, ఇది లైకెన్ స్క్లెరోసస్, ముట్లాగిపోయాక ఎక్కువ. దీన్ని బొల్లి అనుకునో, వయసు దురద అనుకునో వదిలేస్తే కొద్దిమందిలో ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది. దీనికి వాడేది చాలా గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం. అదే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మెడికల్ షాపులో తామరకి ఇచ్చేస్తుంటారు, రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత తామర రూపం మారి తొడలంతా పాకుతుంది, చర్మం పల్చబడి చారలు పడుతుంది. అందుకే ఏ ట్యూబ్ రాశారో ఖాళీదైనా పట్టుకెళ్ళి చూపించమని చెప్తాను.

క్యాన్సర్ ఇక్కడ అరుదే, ఎక్కువగా పెద్ద వయసులో. గట్టి గడ్డ, మానని పుండు, పులిపిరిలా పెరుగుతూ ముట్టుకుంటే రక్తం, ఒకేచోట నెలల తరబడి దురద, రంగు మారిన మందపాటి మచ్చ. తొందరగా తెలిస్తే చిన్న ఆపరేషన్‌తో పోయేదే. మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఏడాదిన్నర పాటు కోడలికి చెప్పడానికి సిగ్గుపడి, చీర కింద గుడ్డ పెట్టుకుని తిరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం నాకింకా గుర్తే. మీ ఇంట్లో అరవై దాటిన అత్త, అమ్మ, పిన్ని ఉంటే మీరే అడగండి, "అత్తయ్యా, కింద దురద గానీ పుండు గానీ ఏమైనా ఉందా" అని. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఎనిమిదో మెట్టు: ఎప్పుడు, ఎక్కడికి

ఇప్పుడే బయల్దేరాల్సినవి: జ్వరం, చలితో పాటు వాపు గంటగంటకీ పెరగడం, కనిపించే దానికన్నా నొప్పి విపరీతంగా ఉండటం, చర్మం నల్లబడటం లేదా బొబ్బలెక్కి వాసన రావడం, మూత్రం రాకపోవడం. షుగర్ ఉన్నవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు అయితే అసలు తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

రెండు మూడు రోజుల్లో: నీటి పొక్కులు, ఏ రకం పుండైనా, పెరుగుతున్న చీము గడ్డ, గర్భిణికి కొత్తగా వచ్చింది ఏదైనా (నీటి పొక్కులైతే పైన చెప్పినట్టు ఆ రోజే). మిగతావి, నొప్పి గానీ జ్వరం గానీ ఏం లేకపోయినా రెండు వారాలు దాటినా పోకపోతే, మారుతుంటే, రక్తం వస్తే చూపించండి. భయంతో నిద్ర పట్టకపోతే అది కూడా వెళ్ళడానికి సరిపడే కారణమే, ఏం లేదని చెప్పించుకుని రావడం కూడా వైద్యమే.

గైనకాలజిస్ట్ అయినా, చర్మ వైద్యులైనా చూస్తారు. మన దగ్గర చర్మ వైద్యుల చదువులోనే సుఖవ్యాధులు కూడా ఉంటాయి, అందుకే బోర్డు మీద రెండూ రాసి ఉంటాయి, ఆ మాట చూసి వెనక్కి తిరగకండి. ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్ ఉంటుంది, పరీక్ష, మందులు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) అనే ప్రభుత్వ సంస్థ హెల్ప్‌లైన్ 1097, టోల్ ఫ్రీ.

వెళ్ళే రోజు షేవ్ చేయకండి, ఏ క్రీమూ రాయకండి, లోపల కడగకండి, ఉన్నది ఉన్నట్టు కనిపించాలి. లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, మగ డాక్టర్ అయితే పక్కన నర్సు ఉండాలని అడగొచ్చు. పెళ్ళికాని అమ్మాయిలు లోపల పరికరం పెడతారేమో అని భయపడి రారు, బయట చర్మం మీద గడ్డకి చాలాసార్లు బయట చూస్తే చాలు, "నాకు పెళ్ళి కాలేదు, లోపల పరీక్ష అవసరమా" అని ముందే అడగండి. ముక్క పరీక్ష అంటే భయం వద్దు, మత్తు సూది వేసి మిరియం గింజంత చర్మం తీస్తారు, అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. రిపోర్టు మాత్రం తప్పకుండా వెళ్ళి తీసుకోండి, తీసుకోకుండా వదిలేసినవి మా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి.